దగ్గు వినపడని ఇల్లు

తెల్లవారుజామున నాలుగూ యాభైకి గంగాభవాని పొయ్యి వెలిగించింది. ఏప్రాన్ జేబులోంచి ఫోను తీసి బియ్యం డబ్బా మీద పెట్టింది. దాని మీదకు వంగి మెల్లగా అంది.

"ఉన్నా."

ఫోనులోంచి బస్సు ఇంజను చప్పుడు వచ్చింది. ఎవరో హిందీలో సీటు కోసం తగువాడుతున్నారు. దాని మీదుగా ఒక మగ గొంతు వినపడింది.

"ఉన్నా." ఆ మాట వెనకాలే దగ్గు. మూడుసార్లు, తర్వాత కాస్త ఆగి ఇంకోసారి.

మూడో గొంతు నిద్రమత్తులో ఉంది. "ఉన్నానమ్మా. ఇంకో గంట పడుకోనీ."

అదీ వాళ్ళ ఇల్లు. ముగ్గురూ ఉన్నది దుబాయ్‌లోనే. గంగాభవాని మిర్దిఫ్‌లో ఒక విల్లాలో పనిమనిషి, అక్కడే వంటింటి పక్క గదిలో ఉంటుంది. ఆమె భర్త వెంకట్రావు సోనాపూర్ క్యాంపులో ఎనిమిదిమంది పడుకునే గదిలో ఉంటాడు. రాళ్ళు కోసే కార్ఖానాలో పని. కూతురు అక్షయ ఇంటర్నేషనల్ సిటీలో మరో ముగ్గురమ్మాయిలతో కలిసి ఒక గది తీసుకుని, ఒక కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో ఉద్యోగం చేస్తోంది. కారెక్కితే ఎవరి దగ్గరికి ఎవరైనా అరగంటలో చేరిపోవచ్చు. అయినా ఆ ముగ్గురూ ఒక కప్పు కింద పడుకుని పదకొండేళ్ళయింది.

రెండేళ్ళ కిందట అక్షయే ఈ ఇల్లు కట్టింది. కంప్యూటర్ ఆటలాడేవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడానికి వాడే చిన్న యాప్ అది. బరువు లేదు. వెంకట్రావు పగిలిన ఫోనులోనూ నడుస్తుంది, గంగాభవాని చవక ఫోనులోనూ నడుస్తుంది, అక్షయ ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. సిగ్నల్ ఒక గీత ఉంటే చాలు. మామూలు ఫోనైతే ఒకరు చేయాలి, ఒకరు ఎత్తాలి. ఇది అలా కాదు, ఇది గది. తలుపు తోసుకుని లోపలికొచ్చి కూర్చోవడమే. మాట్లాడాలని లేదు. తల్లి వంటింట్లో కుక్కర్ కూతలు, తండ్రి బస్సు హారను, కూతురు కీబోర్డు టకటకలు, అన్నీ ఒకేచోట వినపడతాయి. తెరమీద ముగ్గురి పేర్లు, పేరు పక్కన చిన్న చుక్క. ఎవరి ఫోనుకు దగ్గరగా గట్టి శబ్దమైతే వాళ్ళ చుక్క ఆకుపచ్చగా వెలుగుతుంది.

పొద్దున్నే ముగ్గురూ "ఉన్నా" అనడం వెంకట్రావు పెట్టిన ఆచారం.

ఆ పొద్దున గంగాభవాని పొయ్యి మంట తగ్గించింది.

"ఏవండీ, ఆ దగ్గు రాత్రి కూడా ఉందా?"

"లేదే. ఇప్పుడే, బస్సులో ఏసీ."

"నిన్న పొడి దగ్గు. ఇవాళ లోపల్నించి వస్తోంది. ఏసీకి అలా రాదు."

"నీకు డాక్టరు చదువు ఎవరు చెప్పారే?"

"మీరే. రెండేళ్ళుగా రోజూ వినిపిస్తున్నారుగా."

అవతల పక్క సీట్లో కూర్చున్న లింబాద్రి నవ్వాడు. నిజామాబాద్ వైపు మనిషి, ఒకే గదిలో ఉంటాడు, ఒకే కార్ఖానాలో రాయి మోస్తాడు. "వదినా, అన్న దగ్గుతోటే మా రూంల అందరం లేస్తున్నం. అలారం పెట్టుడు బందు చేసినం."

గంగాభవాని నవ్వలేదు. "వినండి. రంజాన్ నెలంతా మేడమ్ నాకు సెలవివ్వదు. మిమ్మల్ని చూడ్డానికి ఉండదు. పండగ అయ్యాక మీ వీసా రెన్యువల్ కదా? అప్పటికి ఈ దగ్గు తగ్గకపోతే సంతకం పెట్టొద్దు. క్యాన్సిల్ చేయించుకుని ఇంటికెళ్ళిపోండి."

"ఏ ఇంటికి?" అన్నాడు వెంకట్రావు.

"శివకోడు. మీ అక్కగారింటికి."

"మాణిక్యాంబక్కకి డెబ్బై ఏళ్ళు. నేను ఆవిడకు వండాలో, ఆవిడ నాకు వండాలో. నువ్వు ఇక్కడ, పిల్ల ఇక్కడ. అక్కడ నేనెవరితో మాట్లాడను? నా ఇల్లు ఇదే, ఈ ఫోనులోది."

"మీకు ఇల్లు కావాలా, ఊపిరి కావాలా?"

జవాబుగా దగ్గే వచ్చింది.

"చూశారా," అంది ఆమె. "నెల రోజులు వింటాను. దగ్గు ఉందంటే సంతకం లేదు. అమ్మాయ్, విన్నావుగా? నువ్వే సాక్షి."

"విన్నానమ్మా," అంది అక్షయ దుప్పట్లోంచి.

*

రంజాన్ మొదలైన మూడోరోజు అక్షయ తండ్రిని సోనాపూర్ బస్సులు ఆగే చోట టీకొట్టు దగ్గర కలిసింది. ఆదివారం. వెంకట్రావు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. కనుబొమ్మల్లో మాత్రం తెల్లటి పొడి ఉంది. అది ఎంత కడిగినా పోదు.

"నాన్నా, ఫోను ఇలా ఇవ్వు."

"ఏం చేస్తావు?"

"సాయంత్రం చరణ్‌తేజ్ వాళ్ళమ్మానాన్నా మన గదిలోకి వస్తున్నారు. అమ్మకు సెలవు లేదు కాబట్టి మాటలన్నీ అందులోనే. మీ రూములో ఎనిమిదిమంది, గిన్నెల చప్పుడు, హిందీ పాటలు. అవేవీ వెళ్ళకుండా ఒకటి ఆన్ చేస్తున్నా. మాట ఒక్కటే వెళ్తుంది, మిగతాదంతా ఆపేస్తుంది."

చరణ్‌తేజ్ ఆమెతో పాటే ఉద్యోగం చేస్తాడు, ఆమెను పెళ్ళి చేసుకుంటానన్నాడు. అతని తండ్రి మూర్తి ఒక ఆఫీసులో అకౌంటెంటు. తల్లి పద్మజ ఒక క్లినిక్కులో ఎక్స్‌రేలు తీస్తుంది. దుబాయ్‌లోనే సొంత కారు, మూడు గదుల ఫ్లాటు. నాన్న ఏం చేస్తారని వాళ్ళడిగితే అక్షయ "స్టోన్ కంపెనీలో ఉన్నారు" అని చెప్పి ఊరుకుంది. అబద్ధం కాదు. కానీ అది చెప్పిన తీరు ఆమెకే నచ్చలేదు.

వెంకట్రావు టీ తాగబోయి దగ్గాడు. గ్లాసులో టీ సగం చొక్కా మీద ఒలికింది. పక్క బల్లమీద వాళ్ళు లేచి దూరంగా వెళ్ళి కూర్చున్నారు.

"ఇది కూడా ఆపుతుందా?" అన్నాడు గుండె పట్టుకుని, నవ్వుతూ.

అక్షయ తెర మీద చూపుడువేలు ఆపింది. తను ఆపాలనుకుంది ఆ దగ్గునేనని ఆమెకు తెలుసు. "తెలీదు నాన్నా," అంది.

సాయంత్రం సంబంధం మాటలు గంటసేపు నడిచాయి. మూర్తి పద్ధతిగా మాట్లాడాడు. పద్మజ "వదినగారూ, మీ వంటింట్లో కుక్కర్ చప్పుడు వింటుంటే ఆకలేస్తోంది" అని గంగాభవానిని నవ్వించింది. వెంకట్రావు తక్కువ మాట్లాడాడు. మాటకూ మాటకూ మధ్య అతని గొంతు పూర్తిగా నిశ్శబ్దం. అక్షయ తెరవైపు చూసింది. ఆ నిశ్శబ్దంలో నాన్న చుక్క ఆకుపచ్చగా వెలుగుతోంది. ఆరుతోంది. మళ్ళీ వెలుగుతోంది.

శబ్దం మాత్రం లేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక ముగ్గురే మిగిలారు. గంగాభవాని గొంతు పలచబడింది.

"ఏవండీ, గంటసేపట్లో ఒక్కసారి కూడా దగ్గలేదు మీరు."

నాన్న చుక్క మళ్ళీ వెలిగి ఆరింది.

"నేను మొక్కిన మొక్కు ఫలించేట్టుంది. ఆ కషాయం తాగుతున్నారా? లింబాద్రి చేత మిరియాలు తెప్పించమన్నాను, అది తాగుతున్నారా?"

"ఆయ్," అన్నాడు వెంకట్రావు చాలాసేపటికి. "తాగుతున్నా."

అక్షయ నోరు తెరిచింది. ఇప్పుడు చెప్పాలి, ఒక్క వాక్యమే. అమ్మ అవతల చీరకొంగుతో ముక్కు తుడుచుకుంటున్న చప్పుడు వినపడింది. రేపు చెబుదామనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం తండ్రి విడిగా ఫోను చేశాడు.

"అమ్మాయ్, నువ్వు నొక్కినదాన్ని అలాగే ఉంచెయ్."

"నాన్నా, అమ్మకి..."

"మీ అమ్మ నిన్న రెండేళ్ళ తర్వాత నవ్వింది. పండగ అయ్యేదాకా ఉంచు. సంతకం అయ్యాక నేనే చెప్తాను. అప్పటికి తగ్గుతుందిలే."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే మాత్రం ఎక్కడికి పోతానే నేను? మీ ఇద్దర్నీ వదిలేసి శివకోడులో గోడలతో మాట్లాడమంటావా?" కాసేపాగి, ఊపిరి కూడదీసుకుని అన్నాడు. "ఆదివారం మీ ఇద్దర్నీ చూడొచ్చని ఆరు రోజులు రాయి కోస్తాను. అది తీసెయ్యకు."

అక్షయ ఒప్పుకుంది. మొదటిరోజు అమ్మ సంతోషం కోసం దాచింది. రెండోరోజు నుంచి భయానికి దాచింది.

*

రంజాన్ నెల గడిచింది. విల్లాలో పగలు పొయ్యి వెలగదు, సాయంత్రం నుంచి ఆరదు. గంగాభవానితో పాటు వంట చేసే జైబున్నీసా కడప నుంచి వచ్చిన మనిషి. ఉపవాసంతోనే సమోసాలు వత్తేది. బియ్యం డబ్బా మీద ఫోను ఎప్పుడూ తెరిచే ఉండేది. దానికి ఎదురుగా జైబున్నీసా పీట.

"మీ ఆయన మాటలు బాగా తగ్గించినాడే గంగా," అంది ఒకరోజు.

"ఉపవాసమప్పుడు పని గంటలు మారాయి కదక్కా. అలిసిపోతున్నారు. నెట్టు కూడా బాలేదు. మాట మధ్యలో తెగిపోతోంది."

"నెట్టు బాగలేకుంటే నీ కూతురి మాట ఎందుకు తెగదు?"

గంగాభవాని సమోసా అంచు గట్టిగా నొక్కింది.

అవతల సోనాపూర్ బస్సులో రోజూ పొద్దున్నే ఆకుపచ్చ చుక్క వెలిగేది. మొదట్లో రెండు సెకన్లు. నెల సగానికి అయిదు. పండగ దగ్గరపడేసరికి అక్షయ లెక్కపెట్టడం మానేసింది. ఆ యాప్ కిటికీని తెరమీద కిందికి దించి, పైన ఆఫీసు పని పెట్టుకునేది. గొంతులు వినపడితే చాలు, చుక్కలు చూడక్కర్లేదు. నాన్న దగ్గు ఎలా ఉందో ఆమెకూ తెలియదు. తల్లి చెవులకే కాదు, తన చెవులకు కూడా తానే తలుపు వేసుకుంది. టీకొట్టు దగ్గర కలుద్దామని చెప్పి ఆయన రెండు ఆదివారాలు రాలేదు. ఓవర్‌టైం అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మడం తేలిక.

పండగ అయిన నాలుగోరోజు. తెల్లవారుజామున నాలుగూ యాభై.

"ఉన్నా," అంది గంగాభవాని.

"ఉన్నానమ్మా," అంది అక్షయ.

వెంకట్రావు పలకలేదు.

జైబున్నీసా పిండి కలుపుతూ తలెత్తింది. ఆమె కూర్చున్న చోటికి ఫోను తెర నేరుగా కనపడుతుంది. "ఏంమే గంగా, మీ ఆయన లైటు ఎలుగుతాండాది చూడు. మాట మాత్రం రాలేదు."

గంగాభవాని ఫోను చేతిలోకి తీసుకుంది. చుక్క ఆకుపచ్చగా ఉంది. ఆరలేదు.

"ఇట్లనే ఎలుగుతాది," అంది జైబున్నీసా. "దినామూ చూస్తాండా. మాట లేకుండా లైటు ఎందుకు ఎలుగుతాదో నాకు తెలీదులే. నీకు తెలుసేమో అనుకున్యా."

చుక్క ఆరింది. అప్పుడు గొంతు వచ్చింది. "ఉన్నా." మాట చివర గాలి లేదు.

గంగాభవాని పొయ్యి ఆపేసింది. వంటిల్లు నిశ్శబ్దమైంది.

"ఏవండీ."

"ఊఁ."

"ఒక్కసారి దగ్గండి."

"ఏంటే?"

"నేను అడుగుతున్నాను. ఒక్కసారి దగ్గండి."

అక్షయ మంచం మీద లేచి కూర్చుంది. కిందికి దించిన కిటికీ పైకి తెచ్చింది. నాన్న చుక్క వెలిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెలుగుతూనే ఉంది. ఏ శబ్దమూ లేదు.

చుక్క ఆరింది.

"దగ్గానే," అన్నాడు వెంకట్రావు.

"నాకు వినపళ్ళేదు."

"నాకు వినపళ్ళేదండీ," అంది గంగాభవాని మళ్ళీ, ఈసారి ఇంకా మెల్లగా. "మీ మాట వినపడింది. మీ బస్సు కూడా వినపట్లేదు. నెల నుంచీ బస్సు వినపట్లేదు. కొత్త బస్సేమో అనుకున్నాను. అమ్మాయ్, నువ్వు ఏదైనా చేశావా?"

"అమ్మా, చరణ్ వాళ్ళమ్మానాన్నా వచ్చిన రోజు..."

"చేశావా, లేదా?"

"చేశాను."

"దాని తప్పు లేదే," అన్నాడు వెంకట్రావు. "ఉంచమన్నది నేను."

"మీరు మాట్లాడకండి. ఇద్దరూ కలిసి నన్ను చెవిటిదాన్ని చేశారు. నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను తగ్గిందని. దేవుడు కూడా నవ్వుకుని ఉంటాడు. దాన్ని తీసెయ్యి."

"అది నాన్న ఫోనులోనే తీయాలమ్మా."

"లింబాద్రి తమ్ముడూ, పక్కన ఉన్నావా?"

"ఉన్న వదినా." అతని గొంతులో ఎప్పటి వెటకారం లేదు.

"అది ఎలా తీయాలో అమ్మాయి చెప్తుంది. ఆయన చేతిలోంచి ఫోను లాక్కో."

అక్షయ చెప్పింది. ఎక్కడ నొక్కాలో, ఏ గీతను ఎడమకు జరపాలో.

"జరిపిన," అన్నాడు లింబాద్రి.

ఒక్కసారిగా బస్సు వచ్చింది. ఇంజను, హారను, నలభైమంది మనుషులు. దాని మధ్యలోంచి దగ్గు వచ్చింది. అది గంగాభవానికి తెలిసిన దగ్గు కాదు. పొడి దగ్గు కాదు, తడి దగ్గు కాదు. గరుకు రాయి మీద రేకు లాగినట్టుంది. మధ్యలో ఊపిరి కోసం ఈల వేసినట్టు చప్పుడు. ఆగుతుందనుకున్నచోట ఆగలేదు.

జైబున్నీసా పిండిచేతులతోనే నోరు మూసుకుంది. "యా అల్లా," అంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అంది గంగాభవాని.

లింబాద్రి చెప్పాడు. "ఇరవై దినాలైంది వదినా. రాత్రి పండుకుంటలేడు, గోడకు ఒరిగి కూసుంటుండు. మొన్న నెత్తురు వడ్డది. నీకు తెలుసు, నువ్వే డ్యూటీకి పొమ్మంటున్నవు అన్నడు. నేను నమ్మిన. ఫోన్ల రోజూ మాట్లాడ్తనే ఉంటిరి కద."

గంగాభవాని బియ్యం డబ్బా పట్టుకుని నేలమీద కూర్చుంది.

"సంతకం ఎప్పుడు?" అంది.

"నిన్ననే పెట్టాను," అన్నాడు వెంకట్రావు. "మా ముదీర్, అదే మేనేజరు, కాగితాలు తెచ్చాడు. ఖలాస్."

*

అక్షయ టాక్సీ చేసుకుని కార్ఖానాకు వెళ్ళేసరికి ఆయన గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. ఎవర్ని పిలవాలో ఆమెకు తెలియలేదు. చరణ్‌తేజ్‌కు ఫోను చేసింది. అతను తల్లికి చేశాడు. పద్మజ తన క్లినిక్కుకే తీసుకురమ్మంది.

ఎక్స్‌రే తీసింది కూడా పద్మజే. తెరమీద బొమ్మ రాగానే ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. డాక్టరు వచ్చి చూసి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళాడు. అక్షయకు అర్థమయ్యాయి. అయినా పద్మజ మళ్ళీ తెలుగులో చెప్పింది.

"రాతిపొడి అమ్మా. ఏళ్ళ తరబడి లోపలికెళ్ళి గట్టిపడిపోయింది. దీనిమీద ఇన్ఫెక్షను కూడా. ఇన్ఫెక్షనుకు మందు ఉంది. గట్టిపడినదానికి మందు లేదు."

"ఆపరేషను?"

పద్మజ తల అడ్డంగా ఊపింది. "ఎన్నాళ్ళని నన్నడక్కు. రెండో మూడో నెలలు."

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న అక్షయ జీవితాంతం మరిచిపోలేనిది.

"ఆ రోజు గంటసేపు మాట్లాడాం కదమ్మా అన్నయ్యగారితో. ఒక్కసారి కూడా దగ్గు వినపడలేదేంటి? ఇలాంటి దగ్గులు నేను రోజుకు పది వింటాను. రాళ్ళు కోసేవాళ్ళ దగ్గు వేరేగా ఉంటుంది, గోడ అవతల్నించి విన్నా పోల్చుకుంటాను. విని ఉంటే మర్నాడే పిలిపించేదాన్ని."

అక్షయ చెప్పింది. దాచకుండా మొత్తం చెప్పింది. మీరు వింటారనే ఆపానంది.

పద్మజ ఎక్స్‌రే తెర ఆపేసింది. "వింటే బతికేవారా అంటే చెప్పలేను," అంది. "కానీ ఈ నెలరోజులూ మళ్ళీ ఆ దుమ్ములోకి పోనిచ్చేదాన్ని కాదు. అది మాత్రం చెప్పగలను." లేచి అక్షయ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుగా ఉంది.

విల్లా మేడమ్ గంగాభవానికి రెండు గంటలు సెలవిచ్చి, డ్రైవరుతో పంపింది. ఆమె వచ్చేసరికి వెంకట్రావు ఆక్సిజన్ గొట్టంతో నిద్రపోతున్నాడు. నెల దాటాక భర్తను చూడటం. చెంపలు లోపలికి పోయాయి. కనుబొమ్మల్లో పొడి అలాగే ఉంది. ఆమె కొంగు తడిపి తుడిచింది. పోలేదు.

వరండాలో అక్షయ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తల్లిని చూసి దగ్గరకు రాలేదు.

"ఇలా రా," అంది గంగాభవాని.

"నన్ను కొట్టమ్మా."

"కొడితే ఏమొస్తుంది?"

"నాకు సిగ్గేసిందమ్మా. నాన్న దగ్గు వాళ్ళు వింటారని సిగ్గేసింది. ఆ దగ్గుతోనే నన్ను చదివించాడు. దాన్ని వేలితో పక్కకు జరిపేశాను."

గంగాభవాని బెంచీ మీద కూర్చుంది. కూతుర్ని చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టింది.

"నువ్వొక్కదానివే కాదులే," అంది. "ఆయన మాట మధ్యలో తెగుతోందని నాకు తెలుసు. ఇదివరకు గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పే మనిషి, మూడు మాటలకోసారి ఆగుతున్నాడని తెలుసు. నెట్టు అనుకున్నాను. జైబున్నీసక్క అడిగింది, నీ కూతురి మాట ఎందుకు తెగదని. ఆ రాత్రి నిద్రపట్టలేదు నాకు. అయినా పొద్దున్నే మళ్ళీ నెట్టే అనుకున్నాను. దగ్గు లేదన్న మాట అంత బాగుంది నాకు. నువ్వు చెవులు మూశావు, నేను మూయించుకున్నాను."

అక్షయ తల్లి ఒడిలో తల పెట్టింది. వరండాలో ఎవరో వీల్‌చైరు తోసుకుంటూ వెళ్ళారు. పదకొండేళ్ళలో మొదటిసారి ముగ్గురూ ఒక కప్పు కింద ఉన్నారు. డ్రైవరు ఫోను చేసేదాకా, ఇంకో నలభై నిమిషాలు.

*

కంపెనీ వీసా క్యాన్సిల్ చేసింది. అక్షయ ఉద్యోగం మానేసి తండ్రిని తీసుకుని శివకోడు వెళ్ళింది. చరణ్‌తేజ్ ఆగుతానన్నాడు. ఎంతకాలమో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. గంగాభవాని మాత్రం కదలలేకపోయింది. మేడమ్‌కు నెలలు నిండుతున్నాయి. బదులు మనిషి దొరికేదాకా ఆగమంది. దొరకడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చని ఏజెన్సీ వాళ్ళన్నారు. పద్మజ చెప్పిన లెక్కా దాదాపు అంతే.

ఆ రెండు లెక్కల్లో ఏది ముందు పూర్తవుతుందో ఆమె ఎవరినీ అడగలేదు. సామాను మాత్రం సర్దేసి మంచం కింద పెట్టుకుంది.

విమానం ఎక్కే ముందు వెంకట్రావు ఆమెతో ఒకే మాటన్నాడు. "భవానీ, ఆ గది మూసెయ్యకు."

మూయలేదు. యాప్‌లో ఇప్పుడు ఏ వడపోతా లేదు. అక్షయ తండ్రి ఫోనును ఆయన దిండు పక్కనే పెట్టింది. ఆక్సిజన్ మెషీన్ హోరు, ఫ్యాను కిర్రుమనడం, మాణిక్యాంబ చీపురు, పెరట్లో కాకులు, అన్నీ మిర్దిఫ్ వంటింట్లోకి వస్తాయి. వచ్చినవాటిలో దేన్నీ ఆపరు.

తెల్లవారుజామున నాలుగూ యాభై. శివకోడులో ఆరుంపావు దాటి ఉంటుంది. గంగాభవాని ఫోను బియ్యం డబ్బా మీద పెట్టింది. ఈమధ్య ఆమె ముందు పొయ్యి వెలిగించడం లేదు.

"ఉన్నా."

"ఉన్నానమ్మా." అక్షయ గొంతులో నిద్రమత్తు లేదు. రాత్రంతా మేలుకునే ఉన్నట్టుంది.

ఇద్దరూ ఆగారు. జైబున్నీసా పీటమీద పిండి కలపడం ఆపి తెరవైపు చూసింది.

వెంకట్రావుకు ఆ రెండక్షరాలు పలికే ఊపిరి కూడా పోయి వారమైంది. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని గంగాభవాని నిలబడింది. మెషీన్ హోరు. ఒక కాకి. మళ్ళీ మెషీన్.

"నాన్నా, అమ్మ పిలుస్తోంది," అంది అక్షయ అవతల్నించి, చాలా నెమ్మదిగా.

చాలాసేపటికి దగ్గు వచ్చింది. ఒకటే. చిన్నది. నిన్నటికన్నా చిన్నది. ఆ దగ్గు ఏం చెబుతోందో గంగాభవానికి ఎవరూ చదివి వినిపించనక్కర్లేదు.

"ఉన్నారు," అంది.

అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించింది.